కకెరు: ఒక్క జపనీస్ క్రియ, అరవై వాక్యాలు – నా అనుభవం

జపనీస్ మొదలుపెట్టినవాళ్ళకు కకెరు ముందు ఫోన్‌తో పరిచయమవుతుంది. దెన్వ ఒ కకెరు అంటే ఫోన్ చేయడం. సరేలే, కకెరు అంటే చేయడం కాబోలు అనుకుంటాం. నాలుగు పాఠాలు దాటేసరికి కళ్ళద్దాలు పెట్టుకోవడమూ అదే అవుతుంది. తలుపుకి తాళం వేయడం, అన్నం మీద పులుసు పోసుకోవడం, కుర్చీలో కూర్చోవడం, ఎదుటివాళ్ళని ఇబ్బంది పెట్టడం అన్నీ అదే. చివరికి లెక్కల్లో గుణకారం గుర్తుని చదివేదీ కకెరు అనే. నిఘంటువు తెరిస్తే అంకెలు వేసి బారుగా అర్థాలుంటాయి.

ఆ బారుని బట్టీపట్టడం నా వల్ల కాలేదు. పట్టినా ఉపయోగం ఉండదని తర్వాత అర్థమైంది. అర్థం గుర్తున్నా ఏ మాట పక్కన ఏ అర్థం వస్తుందో తట్టదు. జపనీస్ విభక్తులైన ని, ఒలలో ఏది ఎక్కడ పెట్టాలో ఆ జాబితా చెప్పదు. జాబితా పక్కన పెట్టి వాక్యాలు పోగేయడం మొదలుపెట్టాక, అరవై వాక్యాలు చేరేసరికి క్రియ చేతికి దొరికింది. ఆ పద్ధతీ, దారిలో దొర్లే తప్పులూ ఇక్కడ చెబుతాను.

ముందుగా రాత గురించి ఒక మాట. జపనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాల్లో కన్నా తెలుగులో రాసుకోవడం మేలు. మనకు ఎ, ఏలు వేరు, ఒ, ఓలు వేరు. జపనీస్‌లోనూ అంతే. కకెరులో మూడూ హ్రస్వాలే. కకేరు అని సాగదీస్తే తప్పు.

నోటుపుస్తకంలో పేజీకి మూడు గళ్ళు గీశాను. మొదటిది “దేనికి”, రెండోది “దేన్ని”, మూడోది “తెలుగులో ఏ క్రియ”. రోజుకు రెండు వాక్యాలు, అంతకు మించి వద్దు. తలుపు (దొఅ) మొదటి గడిలో, తాళం (కగి) రెండో గడిలో, “వేయు” మూడో గడిలో. వాక్యం: దొఅ ని కగి ఒ కకెరు. తలుపుకి తాళం వేయడం. మాటకు మాట సరిపోయింది.

తెలుగువాళ్ళకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఒకటి ఇక్కడే ఉంది. జపనీస్ ని చెవికి మన ‘ని’ లాగే వినిపిస్తుంది, పని మాత్రం మన ‘కి’ది. మన ‘ని’ చేసే పని అక్కడ ఒ చేస్తుంది. తొందరలో మాట్లాడేటప్పుడు “తలుపుని” అన్న తెలుగు చప్పుడు నోట్లో ఉండి “కగి ని” అనేస్తాం. గళ్ళ మీద “ని/ఒ” అని కాకుండా “దేనికి/దేన్ని” అని రాసుకోమనేది అందుకే.

కకెరు వాక్యాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చట్రంలో ఒదుగుతాయి: ఫలానాదానికి ఫలానాదాన్ని. చట్రం ఒప్పుకోనట్టు కనిపించే వాక్యాల దగ్గర తప్పు మన తెలుగు నుంచి వస్తుంది. చొక్కాని ఇస్త్రీ చేస్తాం, గదిని శుభ్రం చేస్తాం, మనిషిని ఇబ్బంది పెడతాం. ఈ మూడింట్లోనూ మనకు ‘ని’ ఉంది. జపనీస్‌లో చొక్కాకి ఇస్త్రీపెట్టెని (షత్సు ని ఐరొన్ ఒ), గదికి వాక్యూమ్ క్లీనర్‌ని (హెయ ని సోజికి ఒ), మనిషికి ఇబ్బందిని (హితొ ని మేవకు ఒ) కకెరు చేయాలి. మూడోదానికి “ఇబ్బంది పెట్టు” బదులు “ఇబ్బంది కలిగించు” అని మనసులో అనుకుంటే ‘కి’ దానంతటదే వస్తుంది.

ముప్పై వాక్యాలయ్యాక మూడో గడి చూసి కుప్పలు చేశాను. పెట్టు, వేయు, పోయు, కప్పు, చేయు, తగిలించు. అన్నిటికన్నా చిన్న కుప్ప తగిలించు: కోటుని హ్యాంగర్‌కి తగిలించడం, పటాన్ని గోడకి తగిలించడం. అసలు వేరు మాత్రం అదే. ఒకదాన్ని ఇంకోదానికి తగిలేలా పెట్టడం, తగిలాక అది అక్కడ నిలవడం లేదా దాని ప్రభావం రెండోదాని మీద పనిచేయడం. కళ్ళద్దాలు చెవులకీ ముక్కుకీ తగులుకుంటాయి. తాళం గొళ్ళేనికి తగులుకుంటుంది. గొళ్ళేన్ని కకెగనె అనే అంటారు. గోడకు వేలాడదీసే బొమ్మల చుట్ట కకెజికు. దుప్పటి ఒంటిని కప్పి నిలుస్తుంది, కప్పుకునే పరుపు కకెబుతొన్. బ్రేకు చక్రాన్ని పట్టుకుంటుంది. ఇబ్బంది, అనుమానం, పన్ను, ఒత్తిడి కంటికి కనబడవు గానీ మనిషికి తగులుకునేవే. తెలుగులోనూ ఖర్చు తగిలింది, ఉసురు తగిలింది అంటాం కదా.

వేరు పట్టుకున్నాక వాడుక కోసం నాకు ఎక్కువ అక్కరకొచ్చిన తెలుగు క్రియ ‘వేయు’. తాళం వేయు, గొళ్ళెం వేయు, బ్రేకు వేయు (బురేకి ఒ కకెరు), పన్ను వేయు (జేకిన్ ఒ కకెరు), మంత్రం వేయు (మహో ఒ కకెరు), వాగు మీద వంతెన వేయు (కవ ని హషి ఒ కకెరు), పందెం వేయు. ఇన్నిటికి ఒకే కకెరు.

దీనికి జోడీ కకరు. కకెరు ఒకరు చేసే పని, కకరు జరిగే పని. తెలుగులో ఆ జోడీ వేయు–పడు. తాళం వేశారు, తాళం పడింది. బ్రేకు వేశాడు, బ్రేకు పడింది. పన్ను వేశారు, పన్ను పడింది. నీళ్ళు మీద పోశారు (మిజు ఒ కకెత), నీళ్ళు మీద పడ్డాయి (మిజు గ కకత్త; ఈ గ కర్త పక్కన వచ్చే విభక్తి). ఉచ్చులో పడ్డాడన్నా వన ని కకత్త అనే. ఈ సంగతి తెలిశాక కకెరు, కకరు మధ్య తడబాటు చాలావరకు పోయింది. వంతెన దగ్గర మాత్రం జాగ్రత్త: హషి గ కకత్త అంటే వంతెన కూలిందని కాదు, కొత్త రోడ్డు పడింది అన్నట్టు వంతెన పడింది, అంటే నిర్మాణం అయిందని.

కకరులో రెండో పాయకి తెలుగు ‘పట్టు’ సరిపోతుంది. రెండు గంటలు పట్టింది: నిజికన్ కకత్త. జబ్బు పట్టుకుంది: బ్యోకి ని కకత్త. జలుబుకి మాత్రం కజె ఒ హికు అంటారు, అక్కడ కకరు పెట్టకపోవడమే మంచిది. గంట పట్టిందంటే కకరు, గంట వెచ్చించి శ్రద్ధగా చేశానంటే కకెరు. ఇచిజికన్ కకెతె త్సుకుత్త అంటే వండినవాళ్ళు కావాలనే గంట పెట్టారు. ఇచిజికన్ కకత్త అంటే అంతసేపు అయిపోయింది, విసుగు కూడా వినిపించవచ్చు. విందుకి పిలిచిన ఇంట్లో ఈ రెండూ తారుమారైతే పొగడ్త కాస్తా ఫిర్యాదు అవుతుంది.

రూపాలు కలగాపులగం అయ్యే చోటు ఇదే కాబట్టి వరసగా ఒకసారి రాసుకోవాలి. కకెరు: కకెనై, కకెమసు, కకెతె, కకెత. కకరు: కకరనై, కకరిమసు, కకత్తె, కకత్త. చివరి రెండు రూపాల్లో ద్విత్వం ఉంటే కకరు, లేకపోతే కకెరు. ఫోన్ వచ్చిందనడానికి దెన్వ గ కకత్తె కిత అనాలి. చివరి కిత (వచ్చింది) వదిలేస్తే వాక్యం మొండిగా ఉంటుంది. ఫోన్ ఎత్తడం దెరు, పెట్టేయడం కిరు. కిరు అంటే కోయడం, మనం ఫోన్ కట్ చేశానంటున్నట్టే. మళ్ళీ చేస్తానంటే కకెనఒషిమసు.

‘వేయు’ని నమ్ముకుని ముందుకు పోతే తగిలే ఎదురుదెబ్బలూ తక్కువేం కాదు. లైటు వేయడం కకెరు కాదు, త్సుకెరు. చొక్కా వేసుకోవడం కిరు (ఫోన్ కోసే కిరు వేరు), ప్యాంటూ చెప్పులూ హకు, టోపీ కబురు, ఉంగరం హమెరు. ఒంటి మీద వేసుకునేవాటిలో కకెరుకి గట్టిగా దక్కింది కళ్ళద్దాలే. మాస్కుని చెవులకే తగిలిస్తాం, అయినా మామూలుగా సురు, త్సుకెరు అనడమే ఎక్కువ. దోసె వేయడం యకు, విత్తనాలు వేయడం మకు, ఉత్తరం డబ్బాలో వేయడం ఇరెరు. ఓటుకి తోహ్యో సురు. ఆకలి వేయడానికి వేయడంతో పనే లేదు, ఒనక గ సుకు, కడుపు ఖాళీ అవుతుంది. కుర్చీ వేయడం అనుకుని ఇసు ని కకెరు అంటే, అది కుర్చీలో కూర్చోవడం అయి కూర్చుంటుంది. నోటుపుస్తకంలో ఎడమ పేజీ కకెరుకి, కుడి పేజీ ఈ ‘కాని’ వాటికి కేటాయించాను. కుడి పేజీ లేకపోతే ఈ పద్ధతి ప్రమాదకరం.

అన్నిటికన్నా ఎక్కువ తప్పులు దొర్లేది వంటింట్లోనూ భోజనం దగ్గరా. పోయు, వేయు, చల్లు అని మనం పోసే వస్తువుని బట్టి క్రియ మారుస్తాం. జపనీస్‌లో చూడాల్సింది అది ఎక్కడ పడుతోందన్నది. ఉన్న పదార్థం మీద, పైన పడితే కకెరు: అన్నం మీద కూర, సలాడ్ మీద సాస్, చల్లటి తోఫు మీద షోయు (సోయా సాస్). పాత్ర లోపలికి వెళితే కకెరు కాదు. టీలో పంచదార వేయడం, పులుసులో ఉప్పు వేయడం ఇరెరు. కప్పులోకి టీ వంపడం త్సుగు లేదా ఇరెరు. వడ్డించాక పైన ఉప్పు చల్లితే కకెరు అనవచ్చు, ఫురు అనీ అంటారు. “ఉప్పు వెయ్యి” అన్న ఒక్క తెలుగు వాక్యం పొయ్యి మీద గిన్నెకి ఒకలా, విస్తట్లో కూరకి ఇంకోలా విడిపోతుంది. సషిమిని (పచ్చి చేప ముక్కలని) షోయులో అద్దుకుంటారు కాబట్టి అక్కడ త్సుకెరు. సషిమి ని షోయు ఒ కకెరు అంటే ముక్కల మీద షోయు కుమ్మరించేసినట్టు.

వంటకాల పేర్లలోనే ఈ తేడా నిలిచి ఉంది. కకెసొబలో వేడి రసం నూడుల్స్ మీద పోసి ఇస్తారు. జరుసొబలో నూడుల్స్ విడిగా, ముంచుకునే రసం విడిగా ఉంటాయి. పచ్చి గుడ్డు పోసి కలుపుకునే అన్నం తమగొ కకె గొహన్. అన్నం మీద చల్లుకునే పొడి ఫురికకె, మన కారప్పొడికి వరసకు అన్నదమ్ముడు. కరఅగె అనే వేయించిన కోడిముక్కలు నలుగురికీ కలిపి ఒకే పళ్ళెంలో వస్తే, నిమ్మరసం పిండే ముందు మిగతావాళ్ళని అడగడం మర్యాద: రెమొన్ కకెతె మొ ఈ? అడక్కుండా పిండేసేవాళ్ళ మీద జపాన్‌లో పరిహాసాలకు లెక్కలేదు.

పొయ్యి దగ్గర ఇంకో గండం ఉంది. గిన్నెని పొయ్యి మీద పెట్టడం: నబె ఒ హి ని కకెరు, అక్షరాలా గిన్నెని మంటకి తగిలించడం. పొయ్యి వెలిగించడం: హి ఒ త్సుకెరు. ఈ రెండూ కలగలిసి హి ఒ కకెరు అని నోరు జారితే అది కోటకో ఇంటికో నిప్పు పెట్టడం అవుతుంది. ని, ఒ చిన్నవే, తారుమారైతే వంట కాస్తా దహనం అవుతుంది.

ఆఫీసులో వినబడే కకెరులు పాఠ్యపుస్తకాల్లో తక్కువ. ఐటీ పనికి వెళ్ళే మనవాళ్ళు ఇవి ముందే నోటపట్టడం మంచిది. గమెన్ ని రొక్కు ఒ కకెరు, తెరకి లాక్ వేయడం. ఫైరు ని పసువాదొ ఒ కకెరు, ఫైలుకి పాస్‌వర్డ్ పెట్టడం. సాబా ని ఫుక ఒ కకెరు, సర్వర్ మీద లోడ్ పెట్టడం. కెన్‌సకు ఒ కకెరు, సెర్చ్ నడపడం. సైకిదో ఒ కకెరు, రీస్టార్ట్ చేయడం. వీటి పక్కనే రోజూ వినబడేది కొఎ ఒ కకెరు: గొంతు తగిలించడం, అంటే పలకరించి పిలవడం. “ఏదైనా ఉంటే కొఎ ఒ కకెతె కుదసై” అంటే అరవమని కాదు, ఒక మాట చెప్పమని.

మర్యాద రూపాల దగ్గర చాలామంది చతికిలపడతారు. కారణం, తెలుగులో ఎదుటివారిని హెచ్చించడానికి మీరు, అండీ ఉన్నాయి గానీ, మనం చేసే పనిని తగ్గించి చెప్పే క్రియారూపం లేదు. జపనీస్‌లో రెండూ ఉన్నాయి. ఒకకె ని నరు అంటే ఎదుటివారు చేసే కకెరు. ఒకకె సురు అంటే మనం వారి పట్ల చేసే కకెరు. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఒకకె ని నత్తె ఒమచి కుదసై అంటే కూర్చుని ఉండండి అని. తప్పు నంబరుకి ఫోన్ చేస్తే వినిపించే రికార్డు కూడా అలాగే మొదలవుతుంది: ఒకకె ని నత్త దెన్వ బంగో వ… మీరు చేసిన ఫోన్ నంబరు వాడుకలో లేదని. మాట ఒకటే అయినా ఒకచోట కుర్చీ, ఇంకోచోట ఫోన్. అదే రైలు ఆలస్యమైనప్పుడు ప్రకటనలో గొమేవకు ఒ ఒకకె షితె మోషివకె గొజైమసెన్ అంటారు, ఎందుకంటే ఇబ్బంది పెట్టింది తాము. ఇక్కడ నత్తె పెడితే “తమరు ఇబ్బంది పెట్టినందుకు” అని తిరగబడుతుంది, క్షమాపణ నిష్ఠూరమవుతుంది. మెయిల్లో ఏదైనా పని అడిగే ముందు రాసే ఒతెసూ ఒ ఒకకెషిమసు గ (మీకు శ్రమ ఇస్తున్నాను గానీ) అన్న ముక్కని ముక్కగానే కంఠతా పట్టేయడం మేలు. విడగొట్టి ఆలోచిస్తూ కూర్చుంటే మెయిల్ వెళ్ళదు.

వేరే క్రియకి తోకగా వచ్చే కకెరు నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం. క్రియని మసు ముందు ఆపి దీన్ని అతికిస్తారు. హనషికకెరు, యొబికకెరు అంటే ఒకరి వైపు మాటనో పిలుపునో విసరడం. రెండో రకం సగంలో ఆగేది: ఈకకెతె యమెత, చెప్పబోయి ఊరుకున్నాడు. షినికకెత, చావబోయి బతికాడు. మన ‘బోవు’ని ఇంత చక్కగా అందుకునే రూపం దొరుకుతుందని నేననుకోలేదు. ఒకటే తేడా: సగం పని అయిపోయినా కకెరు అనవచ్చు, ‘బోవు’ అనలేం. యొమికకె నొ హొన్ సగం చదివి పెట్టిన పుస్తకం. తబెకకె నొ రింగొ కొరికి వదిలేసిన ఆపిల్. దీన్ని ‘ఎంగిలి’ అని అనువదించుకునే ఉబలాటం వద్దు. తబెకకె అంటే తినడం పూర్తి కాలేదని మాత్రమే; ఎంగిలిలో ఉన్న అంటు, మైల దానిలో లేవు.

గుణకారం సంగతి త్వరగా తేలిపోతుంది. సన్ కకెరు ని వ రొకు, 3 × 2 = 6. కూడిక తసు, తీసివేత హికు, భాగహారం వరు. జపాన్ బడుల్లో రెండో తరగతిలో నేర్పే ఎక్కాలు కుకు. అక్కడ 3 × 2 అంటే మూడు చొప్పున రెండుసార్లు అని నేర్పుతారు. మన “మూడు రెండ్లు ఆరు” అక్షరాలా చూస్తే మూడు సార్లు రెండు. జవాబు ఒకటే గానీ పిల్లలకు అక్కడి హోంవర్కు చేయించే తల్లిదండ్రులకు ఈ వరస తేడా తెలిసుండాలి.

వాతావరణ వార్తల్లో వచ్చే కకెతె వేరే పాఠం. కొన్య కర అసు ని కకెతె: ఈ రాత్రి నుంచి రేపటి దాకా. మదె కూడా ‘దాకా’నే, కానీ మదె గీత గీసినట్టు ఒకచోట ఆగుతుంది. ని కకెతె అంచులు చెరిగినట్టు పరుచుకుంటుంది. ఆఫీసు వేళలకి మదె, వర్షానికి ని కకెతె.

చెవికీ కంటికీ చేయాల్సిన పని చివరికి మిగులుతుంది. కకెరు అన్న శబ్దమే ‘రాయగలగడం’ కూడా, అది కకు నుంచి వచ్చింది. ఎ ఒ కకెరు అంటే బొమ్మ తగిలించడం, ఎ గ కకెరు అంటే బొమ్మ వేయగలగడం. ఒ, గ వినకపోతే పోల్చుకోలేం. బొచ్చె అంచు విరగడం, చంద్రుడు తరగడం కూడా కకెరే. తోక్యో ఉచ్చారణలో స్వరం తేడా చెబుతుంది: తగిలించే కకెరులో కె దగ్గర గొంతు లేచి రు దగ్గర దిగుతుంది, విరిగే కకెరులో దిగకుండా సాగిపోతుంది. తె రూపంలో ఇంకా స్పష్టం. తగిలించే కకెతెలో మొదటి క మీదే ఊనిక, విరిగే కకెతె చదునుగా ఉంటుంది. పదేసి సార్లు జంటగా పలికి, రికార్డు చేసుకుని వింటే చెవి పట్టుకుంటుంది.

రాతలో కన్‌జి (చైనా నుంచి వచ్చిన భావాక్షరాలు) తెలిస్తే పని సులువు. తగిలించే కకెరు అక్షరంలో ఎడమ పక్క చెయ్యి గుర్తుంటుంది. వంతెనదాంట్లో కింద చెట్టు, ప్రాణాలు ఒడ్డేదాంట్లో కింద గుండె, పందేనిదాంట్లో ఎడమ పక్క గవ్వ (పాతకాలపు డబ్బు), పరుగెత్తే కకెరులో గుర్రం. ఫోన్, కళ్ళద్దాల లాంటి రోజువారీ వాడకంలో మామూలుగా హిరగనలోనే (ఉచ్చారణని బట్టి రాసే లిపిలోనే) రాస్తారు కాబట్టి, మొదటి ఏడాదిలో వీటి మీద చెమటోడ్చనక్కర్లేదు.

ఏ గడిలోనూ ఇమడని నాలుగైదు నానుడులు నోటుపుస్తకం ఆఖరి పేజీలో ఉన్నాయి. వాటిలో కమ ఒ కకెరు ఒకటి. కమ అంటే కొడవలి. విషయం తెలిసినట్టు నటిస్తూ ఒక మాట వదిలి, ఎదుటివాడి నోటి నుంచి నిజం రాబట్టడం. ఇలాంటి చోట మనం ఒక రాయి వేసి చూస్తాం. వాళ్ళు కొడవలి తగిలించి లాగుతారు.